దయావతమ్మ సాక్ష్యం

స్కార్‌బరో,
2022 సెప్టెంబరు 18.

జెస్లిన్ తల్లికి మేనత్త దయావతి దీవెనలు.

నువ్వు క్షేమంగా విండ్సర్ చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాడనే అనుకుంటున్నాను. కాలేబు నాలుగు మాటలంటే నాకు రెండు వినబడతాయి, తక్కిన రెండూ నేనే కల్పించుకుంటాను. కాబట్టి నువ్వు ఫోన్ చేయకు. చెవిలో మిషను పెట్టుకున్నా, మనిషి ఎదురుగా కూర్చుని పెదవులు కదిపితేనే నాకు మాట తెలిసేది. మెసేజీల సంగతి అడగనే వద్దు, ఆ బుల్లి అక్షరాల మీద నా వేలు నిలవదు. ఉత్తరం రాయి. మీ నాయనమ్మ నీకు తెలుగు బాగా దిద్దించిందని విన్నాను. మా అమ్మాయి టీనాకి నేను నాలుగు పేజీలు రాస్తే కాల్గరీ నుంచి ఇంగ్లీషులో ఒక కార్డు వస్తుంది. అందులో అచ్చు వేసిన మాటలే ఎక్కువ.

టొరంటోలో దిగి కూడా నన్ను చూడకుండా కాలేజీ పిల్లలతో వ్యానెక్కి పోయావని కొంచెం నొచ్చుకున్నాను. పోన్లే, క్లాసులు మొదలైపోయాయన్నావట.

నిన్న మా చర్చిలో కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి కూడిక పెట్టారు. కృపాదానం గారని మా సంఘ పెద్ద. ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఏటా ఈ కూడికలో ఆయన నన్నే లేపుతారు, "దయావతమ్మగారూ, మీ సాక్ష్యం చెప్పండి, పిల్లలకి ధైర్యం వస్తుంది" అని. చెప్పాను. మీ మావయ్యా నేనూ ఇద్దరు మనుషులకి ఒక చలికోటుతో దిగడం, నేను వృద్ధుల ఆశ్రమంలో లాండ్రీలో చేరడం, ఆ మిషన్ల హోరుకి చెవులు పోవడం, పగలు దుప్పట్లు ఉతికి సాయంత్రం బడికి పోయి రెండేసి సబ్జెక్టులు చదువుకుంటూ చివరికి అదే ఆశ్రమంలో నర్సునై నిలబడడం. పిల్లలు కదలకుండా విన్నారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

నీకూ అదే చెబుతున్నాను. ఓర్చుకున్నవాళ్ళని ఈ దేశం చెయ్యి వదలదు. చలికి తలమీద కప్పుకో. వారానికోసారైనా చర్చికి వెళ్ళు.

మీ అత్తయ్య,
దయావతి

విండ్సర్,
2022 అక్టోబరు 9.

అత్తయ్యా, వందనాలు.

ఉత్తరం చేత్తో రాసి ఎన్నాళ్ళయిందో. రాస్తుంటే వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. మిమ్మల్ని చూడకుండా రావడం నా తప్పే. వ్యానతను ఆగనన్నాడు.

ఇక్కడ ఒక బేస్‌మెంట్‌లో అమ్మాయిలం కలిసి ఉంటున్నాం. కిటికీ ఉంది గానీ అందులోంచి గడ్డి వేళ్ళు కనబడతాయి. కొంచెం నడిస్తే నది, అవతల డెట్రాయిట్. ఈ ఊరికి అమెరికా ఉత్తరాన ఉంటుంది అత్తయ్యా. జాగ్రఫీ చెప్పే నాన్నకి ఈ మాట చెబితే నమ్మలేదు, అట్లాసు తీసి చూసుకున్నారు. అందరూ ఆ మేడల్ని వెనకాల పెట్టుకుని ఫోటో దిగి ఇంటికి పంపుతారు. నేనూ పంపాను. నాన్న దాన్ని స్టాఫ్ రూమ్‌లో చూపించారట.

మాది ఫుడ్ సేఫ్టీ డిప్లొమా. రెండేళ్ళు. చేసే పని మాత్రం టమాటాలు పెట్టెల్లో సర్దడం. లీమింగ్టన్ అనే ఊళ్ళో గాజు కప్పుల కింద ఎకరాలకెకరాలు టమాటా తోటలున్నాయి. అక్కడికి బస్సు లేదు. షాలేమ్ రాజు అని రేపల్లె అబ్బాయి, మా సీనియర్, తన కారులో మమ్మల్ని తీసుకెళ్ళి తీసుకొస్తాడు. దారంతా రూల్స్ చెబుతూనే ఉంటాడు. సీటుబెల్టు దగ్గర్నుంచి ఇమ్మిగ్రేషన్ దాకా అన్నిటికీ భయమే అతనికి.

చిన్నప్పుడు నేను అన్నం తినకపోతే నాన్న మీ లాండ్రీ కథ చెప్పేవారు. కెనడా అంటే ఒక పెద్ద లాండ్రీ అని చాలాకాలం అనుకున్నాను. నవ్వకండి. లెక్కల పరీక్ష పోయినప్పుడూ అదే కథ, డిగ్రీ మానేస్తానన్నప్పుడూ అదే కథ. నేనిక్కడికి వచ్చింది ఆ కథ పట్టుకునే.

మీ కోడలు,
జెస్లిన్

విండ్సర్,
2023 అక్టోబరు 22.

అత్తయ్యా, వందనాలు.

మీ ఉత్తరాలు రెండింటికీ జవాబు రాయలేదు. ఈ ఉత్తరమూ అవసరం వచ్చి రాస్తున్నదే, క్షమించండి.

సెప్టెంబరు నుంచి దగ్గు పట్టుకుంది. ప్యాకింగ్ హాలంతా ఫ్రిజ్‌లా ఉంటుంది. తెల్లవారకముందే లేచి అక్కడ పని చేసి, మధ్యాహ్నం క్లాసుకి వచ్చి కూర్చుంటే నిద్ర. మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ రెండూ పోయేలా ఉన్నాయి. డిగ్రీలో మైక్రోబయాలజీలో నాకు ఫస్ట్ వచ్చింది అత్తయ్యా. అది తలుచుకుంటే ఏడుపొస్తుంది.

ఫెయిలైతే మార్కుల కాగితం మీద ఉండిపోతుంది. ఇప్పుడే ఆ రెండు సబ్జెక్టులూ డ్రాప్ చేస్తే, తర్వాత మళ్ళీ చదువుకోవచ్చు. కాలేజీ ఆఫీసులో అడిగాను. "చదువు పరంగా ఏ ఇబ్బందీ లేదు, పర్మిట్ విషయాలు మాత్రం మేం చెప్పకూడదు, వెబ్‌సైట్ చూసుకో" అంది ఆవిడ. చూశాను. ఒక పేజీ ఇంకో పేజీకి పొమ్మంటుంది. షాలేమ్ రాజుని అడిగితే, "వద్దు జెస్లిన్, పార్ట్‌టైమ్ అయిపోతావు, ఎలాగోలా పాసైపో" అన్నాడు. అతను అన్నిటికీ అలాగే అంటాడు. నాన్నకి చెప్పలేను. ఫస్ట్ క్లాసు వస్తోందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు.

మీరు ఇక్కడే ఉండి చదువుకున్నవాళ్ళు. ఏం చేయమంటారు? నవంబరు మొదటి వారంలోగా కాలేజీకి చెప్పాలి.

జెస్లిన్

స్కార్‌బరో,
2023 అక్టోబరు 27.

జెస్లీ తల్లీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. అన్నం కూడా తినకుండా జవాబు రాసి, కిందికి దిగి పోస్టులో వేస్తున్నాను.

ముందు ఆ దగ్గు ఎవరికైనా చూపించుకో. ఛాతీలోకి దిగితే కష్టం. వాక్-ఇన్ క్లినిక్‌కి వెళ్ళు, గంటలకొద్దీ కూర్చోబెడతారు, కూర్చో.

సబ్జెక్టుల సంగతికి ఇంత దిగులెందుకు? వదిలేయి. నేను చదివిందంతా రెండేసి, ఒక్కోసారి ఒక్క సబ్జెక్టు చొప్పునే. టీనా పుట్టిన ఏడాది అసలు చదవనేలేదు. మళ్ళీ వెళితే, "వెల్‌కమ్ బ్యాక్ దయా" అని కూర్చోబెట్టుకున్నారు. ఇది మన ఊరి కాలేజీ కాదు, ఒక ఏడు పోయిందని ఎవరూ చులకన చేయరు. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి కూడా ఇక్కడ దారి ఉంది. ఆ అబ్బాయి మాట పట్టించుకోకు. కొత్తగా వచ్చినవాళ్ళు ఒకరినొకరు భయపెట్టుకోవడం నేను ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాను.

పని మాత్రం మానకు. చేతిలో పని ఉన్న మనిషికి ఈ దేశంలో విలువ.

రెండు సబ్జెక్టులూ వదిలేసి హాయిగా నిద్రపో. నా మాట మీద వదిలేయి. నీ కోసం ప్రార్థిస్తున్నాను.

అత్తయ్య

విండ్సర్,
2024 సెప్టెంబరు 15.

అత్తయ్యా, వందనాలు.

అయిపోయింది. వదిలేసిన రెండు సబ్జెక్టులూ వేసవిలో పూర్తి చేశాను. మైక్రోబయాలజీలో ఎ ప్లస్ వచ్చింది. మీ మాట విని మంచి పని చేశాను. వర్క్ పర్మిట్‌కి అప్లై చేశా, వచ్చేదాకా పని చేసుకోవచ్చు కాబట్టి టమాటాలు వదల్లేదు.

ఇంకో కబురు. మీ స్కార్‌బరో దగ్గర ఒక ఫుడ్ కంపెనీ ల్యాబ్‌లో ఇంటర్వ్యూ అయింది. పర్మిట్ రాగానే చేరమన్నారు. తెల్లకోటు వేసుకుని చేసే పని. నేను మీ దగ్గర ఉండవచ్చా? వంట నేను చేస్తాను. ఎదురుగా కూర్చుని, మెల్లగా, పెదవులు బాగా కదుపుతూ మాట్లాడతాను.

నాన్న అప్పుడే చర్చిలో స్తుతి ప్రార్థన పెట్టించేశారు. ఆగమన్నా ఆగలేదు.

మీ కోడలు,
జెస్లిన్

స్కార్‌బరో,
2024 సెప్టెంబరు 24.

జెస్లీ,

ఉండవచ్చా అని అడుగుతావేమిటే పిచ్చిదానా. టీనా గదిలో పాత సామానంతా తీయించేశాను. కిటికీకి కొత్త కర్టెన్ కుట్టాను, నీలం. పదకొండో అంతస్తు కాబట్టి నీకు గడ్డి వేళ్ళు కనబడవు, ఆకాశమే. మీ మావయ్య పోయాక ఈ ఇంట్లో రెండో కంచం పెట్టలేదు. కృపాదానం గారితో చెప్పాను, ఈసారి కూడికలో నా సాక్ష్యం తర్వాత మా మేనకోడలి సాక్ష్యం ఉంటుందని. త్వరగా రా.

అత్తయ్య

విండ్సర్,
2024 నవంబరు 13.

అత్తయ్యా,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను. వర్క్ పర్మిట్ రిజెక్టయింది.

నేను రెండు సబ్జెక్టులు వదిలేసిన ఆ టర్మ్‌లో పార్ట్‌టైమ్ స్టూడెంట్‌నట. చివరి టర్మ్ తప్ప అన్నీ ఫుల్‌టైమ్‌గా చదివితేనే పర్మిట్ ఇస్తారట. అంతేకాదు, పార్ట్‌టైమ్‌గా ఉన్నప్పుడు నేను పని చేయడమే తప్పట. వేసవిలో పూర్తి చేశానుగా అంటే దానికి లెక్కలేదు. వెంటనే పని మానేయమన్నారు, మానేశాను. ల్యాబ్ వాళ్ళకి చెప్పేశాను.

ఒక కన్సల్టెంట్‌ని కలిశాను. ఒంట్లో బాగాలేక చదువు తగ్గించానని డాక్టరు అప్పుడు రాసిచ్చిన కాగితం ఉంటే, దాన్ని చూపించి అడిగి చూసేవాళ్ళం అన్నాడు. క్లినిక్‌కి వెళ్ళమని మీరు రాశారు. ఆ రోజు క్యూ చూసి వెనక్కొచ్చేశాను, షిఫ్ట్ ఉందని. మీ ఉత్తరంలో ఆ ఒక్క మాటే నేను వినలేదు.

తప్పు నాదే. నేనే సరిగా కనుక్కోవలసింది. నాన్నకి ఇంకా చెప్పలేదు. పగలూ రాత్రీ ఈ గదిలోనే ఉంటున్నాను. మిగతావాళ్ళు పనికి వెళుతుంటే దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నట్టు పడుకుంటున్నాను.

కొన్నాళ్ళు మీ దగ్గరికి రానా? ఉద్యోగానికి కాదు. ఊరికే. రమ్మంటే వస్తాను.

జెస్లిన్

స్కార్‌బరో,
2024 నవంబరు 24.

జెస్లిన్‌కి,

తపాలా వాళ్ళు సమ్మెలో ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం షాలేమ్ రాజు చేతికిస్తున్నాను. సరుకుల కోసమని ఈ వైపు వచ్చి నన్ను చూడడానికి వచ్చాడు. మర్యాదస్తుడు. టీ ఇచ్చి నీ గురించి అడిగితే తలవంచుకున్నాడు. "జెస్లిన్ పనిలోకి రావడం లేదాంటీ. గదిలోంచి బయటికే రావడం లేదు. మీకు తెలుసు కదా" అన్నాడు. నీ నోటి నుంచి ఒక్క ముక్క లేదు, అతనికి తెలిసింది నాకు తెలియదని ఎలా చెప్పుకోను? "తెలుసు బాబూ, అంతా తెలుసు" అన్నాను.

నాకు అర్థమైందిలే. చదువైపోయింది, పర్మిట్ వస్తుంది, ఇంకా ఈ టమాటాలేమిటి అని విసుగు పుట్టింది. ఇంత చిన్నదానికే మంచమెక్కేస్తే ఎలాగమ్మా? నేను లాండ్రీలో చేతులు బొబ్బలెక్కి రక్తం కారుతుంటే గుడ్డ చుట్టుకుని వెళ్ళాను. అప్పుడు నేనూ పడుకుని ఉంటే ఇవాళ మీ నాన్న ఎవరి కథ చెప్పేవాడు? మన ఇంటి ఆడవాళ్ళు దేనికీ వెనక్కి తగ్గలేదు. నీ దగ్గరే అది తెగిపోకూడదు.

ఇప్పుడు నా దగ్గరికి పరుగెత్తుకు రావద్దు. ఇక్కడికొస్తే నేను జాలిపడి అన్నం కలిపి పెడతాను, నువ్వు ఇంకా మెత్తబడిపోతావు. అక్కడే నిలబడు. లేచి పనిలోకి పో. పర్మిట్ చేతికొచ్చాక తలెత్తుకుని రా.

కోపంతో రాయడం లేదు. నీ మీద నమ్మకంతో రాస్తున్నాను.

దయావతి

విండ్సర్,
2024 డిసెంబరు 20.

అత్తయ్యగారికి,

మీరు పంపిన ఉత్తరం షాలేమ్ రాజు ఇచ్చాడు. రావద్దన్నారు, రాలేదు. అంతా తెలిసి కూడా పనిలోకి పొమ్మని రాశారు. దొంగతనంగా చేయమనేమో అనుకున్నాను. ఇక్కడ అలా చేసేవాళ్ళు ఉన్నారు.

ఇది చిన్నదని మీకు అనిపించినందుకు సంతోషం. నాకు అంత చిన్నదిగా కనబడలేదు.

కన్సల్టెంట్ ఇంకో దారి చెప్పాడు. అసైలం అడగమంటున్నాడు, మన దేశంలో బతకలేమని చెప్పి ఇక్కడ శరణు కోరడం. "మీరు క్రిస్టియన్స్ కదా, ఆ పాయింట్ చాలు. మీ ఊళ్ళో చర్చి మీద పడ్డారని, మీ నాన్నను కొట్టారని రాద్దాం. కేసు నడిచినన్నాళ్ళూ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు" అన్నాడు. చాలామంది చేస్తున్నారట. మా గదిలో ఒకమ్మాయి ఇప్పటికే చేసింది. మన సంఘానికి చెందిన పెద్దవాళ్ళెవరైనా సాక్ష్యం రాసిస్తే బలం అన్నాడు. మిమ్మల్ని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడూ అడగడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను.

నాన్నకి చెప్పాను. "మీ అత్తయ్యకి అలా ఎందుకు జరగలేదు?" అని అడిగారు.

క్రిస్మస్ శుభాకాంక్షలు.

జెస్లిన్

స్కార్‌బరో,
2025 జనవరి 4.

తల్లీ,

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకే రోజున వచ్చాయి. నవంబరుదీ డిసెంబరుదీ. సమ్మెలో ఎక్కడో పడి ఉండిపోయింది మొదటిది. ఏది ముందో చూడకుండా డిసెంబరుది విప్పాను. నువ్వెందుకంత ముళ్ళు పెట్టి రాశావో అర్థం కాలేదు. తర్వాత నవంబరుది విప్పాను.

నాకేమీ తెలియదు జెస్లీ. ఆ అబ్బాయి ముందు చిన్నబోవడం ఇష్టంలేక అంతా తెలుసన్నాను. నువ్వు రానా అని అడిగావని తెలియకుండానే రావద్దని రాశాను.

నీ ఉత్తరం పట్టుకుని కృపాదానం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మనవడు కంప్యూటర్ తీసి చూపించాడు. నువ్వు రాసిందే ఉంది, అంత స్పష్టంగా. నేను సాయంత్రం బడికి పోయిన రోజుల్లో ఇలాంటిది లేదే అన్నాను. కృపాదానం గారు నా ముఖంలోకి చూసి మెల్లగా చెప్పారు, "దయావతమ్మగారూ, మీరు స్టూడెంటుగా రాలేదు. ఇమ్మిగ్రెంటుగా దిగారు. మీరు ఏ సబ్జెక్టు వదిలేసినా మిమ్మల్ని పొమ్మనేవాళ్ళు లేరు." ముప్పయ్యేళ్ళుగా ఆ కథ చెబుతున్నాను. అందులో ఈ ముక్క ఉందని నాకే తోచలేదు.

నువ్వు తప్పు నాదే అని రాశావు. కాదు. నా మాట మీద వదిలేయి అని రాసింది నేను.

ఆ కన్సల్టెంట్‌కి సరే అని చెప్పు. నేను రాసిస్తాను. ఏం రాయమంటే అది రాస్తాను. చర్చి మీద పడ్డారని, కాలేబు నాకు ఏడుస్తూ చెప్పాడని. కోర్టులో నిలబడి చెప్పమన్నా చెబుతాను. ఇన్నేళ్ళు దేవుని పేరు మీద సాక్ష్యం చెప్పిన మనిషిని, అబద్ధమాడుతుందని ఎవరూ అనుకోరు. పైన నేను జవాబు చెప్పుకుంటాను. నువ్వు మాత్రం వెళ్ళిపోకు.

బస్సు చూసుకుని నేనే వస్తున్నాను. ఎప్పుడని అడగకు, నువ్వు వద్దంటావు.

అత్తయ్య

విండ్సర్,
2025 ఫిబ్రవరి 2.

అత్తయ్యా,

మీరు క్షేమంగా ఇల్లు చేరారని షాలేమ్ రాజు చెప్పాడు. ఆ మంచులో ఈ వయసులో అంత దూరం వచ్చారు. బస్‌స్టేషన్‌లో నా పేరు రాసిన కాగితం పట్టుకుని కూర్చున్నారని విని మా గదిలో వాళ్ళంతా ఏడ్చారు. నేను ఏడవలేదు. మీరు ఉన్న రెండు రోజులూ ఏం మాట్లాడలేకపోయాను. మీరు నా పెదవులే చూస్తూ కూర్చుంటే మాట బయటికి రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మీ మీద కోపం ఉంది అత్తయ్యా. లేదని అక్కడ తలూపాను గానీ, ఉంది. మీరు చెడు కోరి చెప్పలేదు, మీకు జరిగింది చెప్పారు. అది నాకు తెలుసు. తెలిసినా పోవడం లేదు. మీకు ఓర్చుకోవడానికి చోటిచ్చారు. నాకు ఓర్చుకోవాలన్నా పర్మిట్ కావాలి. దగ్గుతూ తెల్లవారకముందే లేచి టమాటాలు సర్దాను. అదే నేను చేసిన నేరమని కాగితం మీద రాసి పంపారు.

అసైలం వేయడం లేదు. మీరు సంతకం చేసిచ్చిన కాగితం చింపేశాను. కన్సల్టెంట్ ఫారం నింపుతూ, "కొట్టినవాళ్ళ పేరు ఒకటైనా కావాలి, మీ నాన్నకి పడనివాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు?" అని అడిగాడు. నాన్నకి పడనివాళ్ళు లేరు. "పోనీ నాన్నకి తెలిసిన హిందువు ఒకరి పేరు చెప్పండి" అన్నాడు. నాకు రామమోహనరావు మాస్టారు తప్ప ఎవరూ గుర్తు రాలేదు. నాన్న స్కూల్లో లెక్కల మాస్టారు. నేను పరీక్ష పోతే ఇంటికి వచ్చి నేర్పినాయన. నన్ను గన్నవరం ఎయిర్‌పోర్టుకి తన కారులో దింపి, నాన్న కంటే ఎక్కువ ఏడ్చినాయన. ఆయన పేరు నోటిదాకా వచ్చింది అత్తయ్యా. ఒక్క క్షణం చెప్పేసేదాన్నే. నా మీద నాకు అసహ్యం వేసి లేచి వచ్చేశాను.

అలాగని నేనేదో గొప్ప పని చేశానని ఎవరికీ చెప్పకండి. వేసి ఉంటే ఉండేదాన్ని. వేయలేదు కాబట్టి వెళ్ళిపోతున్నాను. అంతే జరిగింది.

ఈ నెలాఖరున టొరంటో నుంచి ఫ్లైట్. ఎయిర్‌పోర్టుకి రావద్దు. మిమ్మల్ని చూస్తే నేను ఎక్కలేను.

జెస్లిన్

బాపట్ల,
2025 ఏప్రిల్ 13.

అత్తయ్యా, వందనాలు.

రావద్దన్నా ఆ రోజు మీరు వచ్చారని, వేరే టెర్మినల్‌లో సాయంత్రం దాకా కూర్చున్నారని షాలేమ్ రాజు మెసేజ్ పెట్టాడు. అనౌన్స్‌మెంట్లు వినబడని మనిషి అక్కడ ఎవరిని అడిగి ఉంటారో, ఏం తిని ఉంటారో. ఈ మాట తెలిశాక మీ మీద కోపం చాలావరకు పోయింది. పోయినా ఏమీ తేలిక పడలేదు.

నేను సెలవు మీద వచ్చానని నాన్న అందరికీ చెప్పారు. నన్ను అడగలేదు. మొదటి ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరో "ఎన్నాళ్ళుంటావమ్మా" అంటే నా వెనకనుంచి ఆయనే "వేసవి అయ్యాక వెళుతుంది" అన్నారు. అప్పటినుంచి నేను చర్చికి వెళ్ళడం లేదు. నాన్న నన్ను ఒక్క మాటా అనరు. అంటే బాగుండేది. అన్నం దగ్గర కూర్చుని స్కూలు కబుర్లు చెబుతారు. అమ్మ వడ్డించి లోపలికి వెళ్ళిపోతుంది.

ఊరవతల రొయ్యల ఎగుమతి కంపెనీ ఉంది. వాళ్ళ ల్యాబ్‌లో మనిషి కావాలంటే వెళ్ళాను. నా డిప్లొమా చూసి వాళ్ళు సంతోషపడ్డారు, రేపే చేరమన్నారు. చదివినదానికి సరిపోయే పని. నాన్న వద్దన్నారు. "చేరితే నువ్వు తిరిగి వెళ్ళడం లేదని ఊరికి తెలిసిపోతుంది తల్లీ, కొన్నాళ్ళు ఆగు" అన్నారు. చేతులు పట్టుకున్నారు. నేను ఆ చేతులు విదిలించుకోలేకపోయాను.

అందుకని ఆగుతున్నాను. దేని కోసమో తెలియదు. రామమోహనరావు మాస్టారు వస్తే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటున్నాను. ఆయనకి ఏమీ తెలియదు. "జెస్లిన్ బాగా పెద్దదైపోయింది, నాతో మాట్లాడడం మానేసింది" అంటున్నారట.

ఇప్పుడు నేను ఎక్కడా లేను అత్తయ్యా.

జెస్లిన్

స్కార్‌బరో,
2025 జూన్ 1.

జెస్లీ తల్లికి,

నీ ఉత్తరం చేరింది. మీ నాన్నకి వేరేగా రాశాను. పిల్లని కూర్చోబెట్టకు, ఊరు ఏమనుకుంటుందో నా పేరు చెప్పి అనుకోనివ్వు, సలహా ఇచ్చింది నేనే అని రాశాను. జవాబు రాలేదు. ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియలేదు. చాలాసేపు మాట్లాడాడు.

నిన్న కొత్త స్టూడెంట్ల కూడిక జరిగింది. మే నెలలో చేరినవాళ్ళు. ఈసారి తక్కువమందే వచ్చారు. నేను రానన్నాను. కృపాదానం గారు కారు తీసుకుని ఇంటికే వచ్చారు. అప్పుడు నాకే అనిపించింది, వెళ్ళి ఉన్నదున్నట్టు చెబుదామని.

నిలబడ్డాను. నా కథ మీకు పనికిరాదు అని మొదలుపెట్టాను. నేను దిగిన రోజునే ఈ దేశంలో ఉండిపొమ్మని కాగితం ఇచ్చారు, మీకు ఇవ్వలేదు అన్నాను. నా మేనకోడలు నాకంటే తెలివైనది, నాకంటే ఎక్కువ కష్టపడింది, నా మాట విని నష్టపోయింది అన్నాను. ఒక్క సబ్జెక్టు కూడా వదలకండి, ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు దగ్గర కాగితం తీసుకోండి, పెద్దవాళ్ళ సలహాలు వినకండి, నాది అసలే వినకండి అన్నాను. నీ పేరు చెప్పలేదు. చెప్పబోయి, అక్కడే మైకు పట్టుకుని ఏడ్చేశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఏడవలేదు.

తల ఎత్తి చూస్తే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. చేతులు కదలడం కనిపించింది. కృపాదానం గారు మైకు తీసుకుని ఏదో అన్నారు. ఆయన పక్కకి తిరిగి ఉన్నారు, నాకు తెలియలేదు. తర్వాత అడిగితే, "మీ తగ్గింపు స్వభావం గురించి చెప్పానమ్మా. ఇన్ని కష్టాలు పడి కూడా గొప్పలు చెప్పుకోలేదు మీరు, ఈసారి చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు. నేను చెప్పింది వేరు కృపాదానం గారూ అన్నాను. "పిల్లలకి చాలా ధైర్యం వచ్చింది" అన్నారు.

భోజనాల దగ్గర ఒకమ్మాయి వచ్చింది. చిన్న పిల్ల, నిద్రలేని కళ్ళు. నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎన్ని కష్టాలొచ్చినా మీలాగే ఓర్చుకుంటానాంటీ" అంది. కాదమ్మా, నేను చెప్పింది అది కాదు అన్నాను. ఆ పిల్ల నవ్వి నన్ను కౌగిలించుకుంది. వెనక ఇంకో ఇద్దరు వరసలో నిలబడి ఉన్నారు.

సెప్టెంబరు కూడికకి నా పేరే రాసుకున్నారు. నేను ఇంకెలా చెప్పాలి జెస్లీ? నువ్వైనా రాయి.

అత్తయ్య